మొగిలి మూడున్నర

ఆర్కెస్ట్రాలో బేస్ గిటారు వాయించేవాడి గోడు ఎవరికీ పట్టదు. పాట బాగుంటే పాడినామెను మెచ్చుకుంటారు. దరువు బాగుంటే డ్రమ్ముల మీద కూర్చున్నవాణ్ణి చూసి ఈల వేస్తారు. అడుగున ఉండి ఆ పాటను మోసేవాడొకడు ఉంటాడని, వాడికీ ఒక పేరుంటుందని, వేదిక కింద కూర్చున్న వాళ్లలో నూటికి తొంభై తొమ్మిది మందికి తెలియదు. ఆ తొంభై తొమ్మిది మందిలో మొగిలి భార్య జ్యోతి కూడా ఉండటమే వచ్చిన చిక్కు.

మొగిలి బాలానగర్‌లో ఒక షెడ్డులో ఇనప ముక్కల్ని చెక్కే లేత్ మిషన్ మీద పనిచేసేవాడు. వాళ్ల నాయన పరకాల వైపు నుంచి కూలికి వచ్చి బోరబండలో స్థిరపడ్డాడు. ఆయన పోయాక మిగిలినవి రెండు గదుల కిరాయి ఇల్లు, ఒక ఇనప బీరువా. మొగిలి తక్కువ మాట్లాడే మనిషి. పని మాత్రం శుద్ధంగా చేసేవాడు. మిల్లీమీటరులో పదో వంతు తేడా వచ్చినా ముక్కను పక్కన పారేసి మళ్లీ మొదలుపెట్టేవాడు. కొలబద్ద మీద ఉన్న గీత ఎప్పుడూ అబద్ధం చెప్పదని అతని నమ్మకం. ఆ నమ్మకమే తర్వాత అతని పరువు తీసింది.

తొంభై ఏడు వానాకాలంలో ఆ షెడ్డుకి పార్థసారథి అనే ఆయన ఒక బేస్ గిటారు పట్టుకొచ్చాడు. పగలంతా సర్కారు ఆఫీసులో గుమాస్తా, ఆదివారాలు కీబోర్డు వాయించుకుంటూ వాళ్లమ్మ పేరు మీద ‘శ్రీ భ్రమరాంబ ఆర్కెస్ట్రా’ నడిపే మనిషి. గోదావరి వైపు వాడు, మూసాపేటలో ఉండేవాడు. గిటారు తీగ బిగించే కీ ఒకటి విరిగిపోయింది. అలాంటిది కావాలంటే మద్రాసు పోవాలి. వాయించేవాడేమో బొంబాయి వెళ్లిపోయాడు. వాద్యమన్నా బాగుచేయించి పెట్టుకుంటే ఎవడో ఒకడు దొరక్కపోడని ఆయన ఆశ.

మొగిలి ఇత్తడి కడ్డీ తీసుకుని అచ్చం అలాంటి కీ చేశాడు. “వారం దినాలు తీగ బిగిచ్చి పెట్టి చూడాలె సార్, జారుతదో లేదో. నా దగ్గర్నే ఉండనియ్యిండ్రి” అన్నాడు. పని పట్ల శ్రద్ధతో అన్న మాటే అది. కాని ఆ వారంలో గిటారు ఇంటికి వచ్చింది, మొగిలి బతుకులోకీ వచ్చింది.

బేస్ గిటారుకు శబ్దం పెంచే ఆంపు పెట్టె లేకపోతే దోమ రొద పాటి కూడా ఉండదు. మొగిలి దాని తలను బీరువాకి ఆనించి తీగ మీటాడు. బీరువా మొత్తం మోగింది. లోపల జ్యోతి పెళ్లి చీరల మధ్య నుంచి ఎవరో మూలిగినట్టు వచ్చింది ఆ శబ్దం. ఆమె వంట వదిలేసి వచ్చి చూసింది.

“ఏందిది, బీరువా గుర్రు కొడుతుంది?” అంది.

మొగిలి నవ్వాడు. అతను నవ్వడమే అరుదు కాబట్టి ఆమె ఇంకేమీ అనకుండా వెళ్లిపోయింది.

వారం తర్వాత పార్థసారథి వస్తే, కీ జారలేదని చూపించడానికి మొగిలి క్యాసెట్లో విన్న ఒక పాట అడుగు వరసను నాలుగు మెట్ల మీద వాయించాడు. పార్థసారథి కళ్లజోడు సర్దుకున్నాడు.

“ఎక్కడ నేర్చుకున్నావయ్యా?”

“యాడ నేర్వలేదు సార్. బీరువా కాడనే.”

ఆ వచ్చే ఆదివారం పొద్దున మొగిలి మూసాపేటలో పార్థసారథి మేడ మీద గదిలో ఉన్నాడు. ఎనిమిది మంది ఉన్న పార్టీలో ఎనిమిదోవాడు. చుట్టూ ఉన్నవాళ్లంతా ఎప్పటినుంచో వాయిస్తున్నవాళ్లు. పాడే ఆవిడ బాలాత్రిపురసుందరి అయితే చిన్నప్పుడు కాకినాడలో సంగీతం చెప్పించుకున్న మనిషి. మొగిలికి భయం వేసింది. ఇనప రజను దూరి నల్లబడ్డ గోళ్లు వాళ్లకు కనిపిస్తాయేమోనని చేతులు వెనక్కి పెట్టుకుని నిలబడ్డాడు.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. మన పాటగాళ్లు శ్రుతిని అంకెల్లో చెప్పుకుంటారు. హార్మోనియం మీద తెల్ల మెట్లకు ఒకటి, రెండు, మూడు అని లెక్క. మధ్యలో నల్ల మెట్టు ఉంటే దాన్ని ఒకటిన్నర, రెండున్నర అంటారు. “ఈ పాట ఐదు, ఆ పాట ఒకటిన్నర” అని కాగితం మీద రాసుకుంటారు. మొదటి రోజు పార్థసారథి గిటారు మెడ మీద ఒక మెట్టు చూపించి, “ఇది ఒకటి. ఇక్కణ్ణుంచి పైకి లెక్కేసుకుంటూ పో” అని చెప్పి తన పనిలో పడ్డాడు. మొగిలి ఇంటికి వెళ్లి, సన్న కుంచెతో తెల్ల రంగు ముంచి, మెట్టుకొక అంకె రాసుకున్నాడు. ఒకటి, ఒకటిన్నర, రెండు, రెండున్నర, మూడు, మూడున్నర, నాలుగు. చేతి పని కదా, ముత్యాల్లాంటి అంకెలు.

తెలిసినవాళ్లు ఈపాటికే తల పట్టుకుని ఉంటారు. మూడుకీ నాలుగుకీ మధ్య హార్మోనియంలో నల్ల మెట్టు లేదు. మూడున్నర అనే శ్రుతే లేదు. కాని జీవితమంతా కొలబద్ద పట్టుకున్న మనిషికి మూడుకీ నాలుగుకీ మధ్య సగం లేదంటే ఎలా తడుతుంది? ఆ ఒక్క అంకె వల్ల నాలుగు నుంచి పైనున్నవన్నీ ఒక మెట్టు పక్కకి జరిగిపోయాయి.

దాంతో విచిత్రం జరిగింది. మగవాళ్ల పాటలు ఒకటి, రెండు శ్రుతుల్లో ఉంటాయి గనక అవి చక్కగా కుదిరేవి. బాలాత్రిపురసుందరి పాడేవి ఐదు, ఐదున్నర. ఆవిడ పాట మొదలెట్టేసరికి అడుగున ఏదో అపస్వరం పలికేది. గణపతి పందిళ్లలో, కాలనీ సంబరాల్లో కట్టేవి సత్తు గొట్టం మైకులు కాబట్టి జనానికి బేస్ అసలు వినిపించేదే కాదు. ఆంపు పక్కన నిలబడి పాడే ఆవిడకు మాత్రం నరకం. నాలుగు నెలలు ఓర్చుకుంది. మగవాళ్లకు బాగా వాయించి తనకే చెడగొడుతున్నాడంటే వీడికి తన మీద ఏదో కక్ష ఉందని అనుకుంది. ఆ మాట పార్థసారథితో అంటే ఆయన కూడా మొగిలిని అనుమానంగా చూడటం మొదలుపెట్టాడు. మొగిలికి ఇవేవీ తెలియవు. రాసుకున్న అంకె మీద వేలు పెట్టి, తప్పు చేయడం లేదన్న ధైర్యంతో, నిండు మనసుతో తప్పు వాయించేవాడు.

ఒక ఆదివారం ఆవిడ పాట మధ్యలో ఆపి, నేరుగా వచ్చి గిటారు మెడ మీదికి వంగి చూసింది.

“ఇదేంటండీ, మూడున్నరా?” అంది.

గదంతా పగలబడి నవ్వింది. డ్రమ్ముల మీదున్న బుల్లిబాబు కర్రలు కింద పెట్టేసి మరీ నవ్వాడు.

“మూడుకు నాలుగుకు నడుమ సగం లేకుంట ఎట్లుంటది మేడం?” అని మొగిలి అడిగాడు. నిజంగానే అర్థం కాక అడిగాడు. ఆవిడ మాత్రం నవ్వలేదు. నాలుగు నెలలుగా తాను అనుకున్నదానికి సిగ్గుపడినట్టుంది. అతన్ని కీబోర్డు దగ్గరికి తీసుకెళ్లి మెట్లు చూపించింది. మూడు, దాని పక్కనే నాలుగు. మధ్యలో ఏమీ లేదు.

ఆ రోజు నుంచి పార్టీలో అతని పేరు మూడున్నర. “మూడున్నర వచ్చాడా?” “మూడున్నరకి టీ ఇవ్వండి.” ఎవరూ చెడ్డవాళ్లు కారు. ప్రేమగానే పిలిచేవాళ్లు. కాని లేనిదానికి పెట్టే పేరు అది, దాన్ని మోయడం తేలిక కాదు. మొగిలి నాలుగు రోజులు గిటారు ముట్టుకోలేదు. అతన్ని తినేసింది తప్పు కాదు, తప్పు తన చెవికి తెలియకపోవడం. షెడ్డులో లేత్ తిరుగుతుంటే వీపు తిప్పుకుని నిలబడి కూడా కత్తి మొద్దుబారిందని శబ్దాన్ని బట్టి చెప్పేవాడే. ఆ చెవులే కదా ఇవి. సంగీతం చదువుకున్నవాళ్ల సొమ్మని, అందులో తన చెవికి మాట చెల్లదని, అంకెను నమ్మాడు. చెవి ఎన్నోసార్లు గొణిగిందని ఇప్పుడు గుర్తొచ్చింది. అతనే వినిపించుకోలేదు.

థిన్నర్‌లో ముంచిన గుడ్డతో అంకెలన్నీ తుడిచేశాడు. అతను నిజంగా నేర్చుకోవడం ఆ తర్వాతే మొదలైంది. గురువు లేడు, పుస్తకం లేదు. టేప్ రికార్డర్‌ను ఖాళీ బియ్యం డబ్బాలో పెట్టి మూత వేస్తే పాటలో పైనున్నవన్నీ పోయి అడుగు శబ్దం ఒక్కటే బయటికి వస్తుందని కనిపెట్టాడు. డబ్బాకి ఒక చెవి, బీరువాకి గిటారు. డ్యూటీ నుంచి వచ్చి స్నానం చేసి రోజూ గంటన్నర. ఒక వరస పట్టడానికి మొదట్లో పది రోజులు పట్టేది, ఏడాది తిరిగేసరికి రెండు సార్లు వింటే చేతికి వచ్చేది. ఎక్కడ వాయించాలో నేర్చుకున్నాక, ఎక్కడ వాయించకూడదో నేర్చుకున్నాడు. అది ఎవరూ చెప్పేది కాదు. ఒక పాటలో పల్లవి తిరిగి వచ్చే ముందు రెండు దెబ్బలు ఊరుకుని, మూడోదానికి అందుకునేవాడు. క్యాసెట్లో అలా లేదు. అది మొగిలి సొంతం.

“మొగిలి గారు అక్కడ ఆగుతారు చూశారా మాస్టారూ, నాకు కాళ్ల కింద నేల తీసేసి మళ్లీ పెట్టినట్టుంటుందండీ” అని బాలాత్రిపురసుందరి పార్థసారథితో అందరి ముందూ అంది. మూడున్నర అనకుండా పేరు పెట్టి పిలిచింది. మొగిలి ఆ మాటను బోరబండ దాకా మోసుకెళ్లాడు. జ్యోతికి చెబుదామనుకుని, ఎలా చెప్పాలో తెలియక ఊరుకున్నాడు.

జ్యోతి అతని కచేరీలకు మూడు సార్లు వచ్చింది. మూడు సార్లూ ముందు వరసలో కూర్చుని, మొగుడి వేళ్ల వంకే చూస్తూ చెవులు రిక్కించి విన్నది. మూడోసారి ఇంటికి నడిచి వస్తూ మెల్లగా అడిగింది.

“నేనొకటంటె ఏమనుకోవు కదా? పాటల నీది యాడున్నదో నాకు ఒక్కపారి గూడ దొరకలే.”

“గొట్టం మైకులల్ల అది రాదు. ఇనవడది గని, ఉంటది” అన్నాడు మొగిలి.

“ఇనవడకుంట ఉండుడేంది?”

ఎత్తిపొడుపు కాదు అది, అక్షరాలా ఆమె సందేహం. రెండేళ్లుగా రోజూ గంటన్నర తన దగ్గర నుంచి తీసుకుపోతున్నదేమిటో చూడాలని ఆమె కోరిక. ఒక్కసారి, ఒక్క పాటలో, ఇదుగో ఇది మా ఆయనది అనుకోవాలి. మొగిలికి మెప్పులు అక్కర్లేదు. డబ్బులు రాకపోయినా పరవాలేదు. జ్యోతికి ఒక్కసారి వినిపిస్తే చాలు. అంతకుమించి అతను దేన్నీ అంతగా కోరుకోలేదు.

తొంభై తొమ్మిదిలో మాదాపూర్‌లో అద్దాల మేడలు లేచాయి. నిన్నటిదాకా రాళ్లూ తుప్పలూ ఉన్న చోట కంప్యూటర్ కంపెనీలు దిగాయి. తుడవడానికి, కడగడానికి బోరబండ నుంచి ఆడవాళ్లను పిలిచారు. జ్యోతి కూడా హౌస్‌కీపింగ్‌లో చేరింది. నీలం చీర, మెడలో తన ఫోటో ఉన్న కార్డు. ఆ చలికాలంలోనే ఒక కంపెనీ తన ఉద్యోగులకు, వాళ్ల పిల్లాజెల్లకు ఆదివారం ఫ్యామిలీ డే పెట్టుకుని, పాటలకు భ్రమరాంబ ఆర్కెస్ట్రాను మాట్లాడుకుంది. జ్యోతి తుడిచే అంతస్తు ఆ కంపెనీదే. ఆ రోజు ఆమెకు డ్యూటీ ఉంది.

“ఈసారి గొట్టాలు గావు. మనిషెత్తు బాక్సులు తెస్తున్నరట” అన్నాడు మొగిలి. “ఈసారి ఇనవడతది.”

జ్యోతి సంబరపడి తమ సూపర్‌వైజర్ సరోజమ్మకు, తనతో పనిచేసే వాళ్లందరికీ చెప్పేసింది.

ఆ నెలలోనే పార్థసారథి కొత్త కీబోర్డు కొన్నాడు. దానిలో లేని వాద్యం లేదు. వాయించింది దాచుకుని, మళ్లీ అడిగితే తనే వాయిస్తుంది. ప్రాక్టీసులో ఆయన మొగిలిని ఒక్కణ్ణే కూర్చోబెట్టి, ఒక్కో పాట అడుగు వరస వాయించమనేవాడు. “ఇంకొంచెం నెమ్మదిగా. ఆ ఆగేది ఎక్కడ? ఏదీ, మళ్లీ చూపించు” అనేవాడు. తను కూడా కీబోర్డు మీద అదే వరస మీటి చూసుకునేవాడు. రెండేళ్లలో పార్థసారథి అతని వరసను అంత శ్రద్ధగా విన్నది లేదు. మొగిలి పొంగిపోయాడు. పద్నాలుగు పాటలూ దాపరికం లేకుండా అప్పజెప్పాడు.

ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక కార్యక్రమం. మేడ వెనక పచ్చిక మీద వేదిక కట్టారు. అటూ ఇటూ నిజంగానే మనిషెత్తు బాక్సులు. మొగిలి ఇస్త్రీ చొక్కా వేసుకుని, గోళ్లు పెట్రోలుతో కడుక్కుని వచ్చాడు. గిటారు తీసి వైరు కోసం చూస్తుంటే పార్థసారథి పక్కకి పిలిచాడు.

“ఇవాళ నీకు వైరు లేదయ్యా మొగిలీ.”

మొగిలికి అర్థం కాలేదు.

“బేస్ అంతా ఇందులో ఎక్కించేశాను. తేడా రాదు, శ్రుతి జారదు. ఇంకేం కావాలి చెప్పు? కాకపోతే ఎనిమిది మంది వస్తామని వాళ్లకు కాగితం రాసిచ్చాను. తల లెక్కపెడతారు. నువ్వలా నిలబడి చేతులు ఆడించు, చాలు.” ఆయన మొగిలి ముఖం చూడకుండా కీబోర్డు మీద లేని దుమ్మును చేత్తో తుడిచాడు. “ఎక్కించింది నీ వరసలేనయ్యా. నేనేం పరాయివి పెట్టలేదు.”

ఓదార్పు అనుకునే అన్నాడు కాబోలు. అంతకంటే కొరడాతో కొట్టినా బాగుండేది. మొగిలి గిటారు దించి వెళ్లిపోదామనుకున్నాడు. ఒక అడుగు వేశాడు కూడా. అప్పుడు పచ్చిక చివర, ఎంగిలి ప్లేట్లు ఎత్తే బండి పక్కన, నీలం చీరల వరసలో జ్యోతి కనిపించింది. సరోజమ్మకు వేలితో వేదిక వైపు చూపిస్తోంది. అందరూ అతన్నే చూస్తున్నారు.

మొగిలి వెనక్కి వచ్చి తన చోట నిలబడ్డాడు.

పాటలు మొదలయ్యాయి. మొగిలి చేతులు ఆడించలేదు, వాయించాడు. పద్నాలుగు పాటలూ, ఒక్క వేలు కూడా తప్పకుండా, ఏ మెట్టు మీద ఉండాలో ఆ మెట్టు మీద. అతని జన్మలో అంత బాగా ఎప్పుడూ వాయించలేదు. ఆ సంగతి అతనొక్కడికే తెలుసు. ఆ బాక్సుల్లోంచి వచ్చే శబ్దం గుండె మీద పిడికిలితో తట్టినట్టు వస్తోంది. అతను మీటినప్పుడల్లా అది మోగుతోంది, అతను ఆగినప్పుడు ఆగుతోంది. ఒక పాటలో ఎందుకో వేలు ఎత్తేసి ఊరికే నిలబడ్డాడు. అది ఆగలేదు. తను చెప్పినట్టే రెండు దెబ్బలు ఊరుకుని మూడోదానికి చక్కగా అందుకుంది. బాలాత్రిపురసుందరి పాడుతూనే ఒకసారి తల తిప్పి అతని చేతుల వంక చూసి, మళ్లీ తిప్పుకుంది.

సాయంత్రం ఐదింటికి డ్యూటీ దిగి జ్యోతి గేటు దగ్గరికి వచ్చింది. కొండాపూర్ వైపు నుంచి వచ్చే షేర్ ఆటో కోసం ఇద్దరూ నిలబడ్డారు. ఆమె ముఖం వెలిగిపోతోంది.

“ఇయ్యాల దొరికింది” అంది. అరచేయి రొమ్ము మీద పెట్టుకుంది. “గీడ తెలిసింది. సరోజమ్మ గూడ అన్నది, మీ ఆయనది మంచిగ ఇనవడుతుందని. గా పాటల నడుమల జర ఆగి మళ్ల వస్తది సూడు, అది నీదే కదా?”

మొగిలి ఆమె వైపు చూశాడు. కాదనవచ్చు. రెండు సంవత్సరాల తర్వాత ఆ ముఖంలోకి వచ్చిన వెలుగును ఒక్క మాటతో ఆర్పేయవచ్చు. అవును అనీ అనవచ్చు, అందులో అబద్ధమూ లేదు.

“ఆఁ. నాదే” అన్నాడు.

“గింత మంచిగ కొడతవని నాకేం ఎరుక. వచ్చే ఐతారం నుంచి అన్నిటికి వస్త నేను” అంది జ్యోతి. ఆటో వచ్చేదాకా ఆ వరసను నోటితో మెల్లగా అనుకుంటూనే ఉంది. ఎక్కడా తప్పు పోలేదు.

మర్నాడు మొగిలి గిటారు మూసాపేటలో ఇచ్చేసి వచ్చాడు. పార్థసారథి వారించలేదు. అక్కడికీ ఎనిమిది మంది కావాల్సిన చోటికి కబురు చేస్తానన్నాడు, మొగిలి తలూపి మెట్లు దిగాడు. తర్వాత ఎక్కడా వాయించలేదు. షెడ్డుకి వెళ్లేవాడు, వచ్చేవాడు. రోజూ ఆ గంటన్నర ఇప్పుడు ఖాళీగా ఉండేది. ఆ వేళకి గడపలో కూర్చుని వీధి చూసేవాడు.

జ్యోతి మొదట బతిమాలింది, తర్వాత కోపం చేసింది, ఆ తర్వాత మానుకుంది. వచ్చినవాళ్లతో మాత్రం చెప్పుకునేది. తన మొగుడు ఎంత బాగా వాయించేవాడో తను చెవులారా విన్నానని, విన్నది ఒక్కసారే అయినా మరిచిపోలేదని. చెప్పి, అతని వైపు తిరిగి, “అంత మంచిగ కొట్టిన మరునాడే ఎందుకిడిసినవో గదొక్కటి సమజ్ గాలే నాకు” అనేది. మొగిలి చొక్కా తగిలించుకుని, పాలు తెస్తానని బయటికి వెళ్లేవాడు.